ఎడమ అంచు

ఫిబ్రవరి 9, ఆదివారం

తమ్ముడూ,

మీ ఇంటి నుంచి బయలుదేరిన రోజు ఉదయం ఇంకా కళ్ళ ముందే ఉంది. విశేషమేమీ జరగలేదు, అందుకేనేమో. మరదలు ఈత కొలనుకు వెళ్ళే తొందరలో తడి జుట్టుతోనే సంచి సర్దుకుంటోంది. పొద్దస్తమానం నీళ్ళలో నిలబడి పిల్లలకు ఈత నేర్పే మనిషికి తల ఆరబెట్టుకోవడం దేనికని నువ్వు ఆటపట్టించావు. ఆమె తువ్వాలు నీ నెత్తిన పడేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. నేను ప్రార్థన ముగించి వచ్చేసరికి నువ్వు కిటికీ పక్క బల్ల ముందు కూర్చున్నావు. కాఫీ మీద మీగడ కట్టింది. కంప్యూటర్ తెర నిండా తెలుపు, మధ్యలో ఒక్క వాక్యం. రాస్తూ రాస్తూ ఎడమ చేత్తో గాలిలో దేన్నో తోలావు. ఈగ అనుకున్నాను. కాసేపటికి మళ్ళీ తోలావు. ఈగ లేదు. పనిలో ఉన్నావని అడగలేదు.

ఇద్దరం క్షేమంగా చేరాం. ఇక్కడ చెల్లీ నేనూ కులాసా. నువ్వు తయారు చేసి నా కంప్యూటర్లో పెట్టిచ్చిన ఎడిటర్లోనే ఇది రాసి, అచ్చు తీసి పంపుతున్నాను. ఫోకస్ మోడ్ నొక్కితే మెనూలు, బొమ్మలు అన్నీ తప్పుకుని రాసే మాట ఒక్కటే మిగులుతుందన్నావు. చాలావరకు తప్పుకున్నాయి. కాని ఎడమ అంచున బూడిదరంగు పట్టీ ఒకటి, దాని మీద లైన్ నంబర్లు, అలాగే ఉన్నాయి. మౌస్ దగ్గరికి తెస్తే వెలిసినట్టవుతుంది, తీస్తే మళ్ళీ వస్తుంది. కింద మూలన ఎన్ని పదాలు రాశానో లెక్క మారుతూ ఉంటుంది. పదాల మధ్య చుక్కలు. నా ఉదయపు ప్రార్థనల పుస్తకం దీనిలోనే రాసుకుంటున్నాను కదా. దేవుడితో మాట్లాడుతుంటే పక్కన గుమాస్తా నిలబడి పద్దు రాస్తున్నట్టుంది. వీలైతే అతన్ని పంపించెయ్యి.

నీ గొడుగు వెతుక్కోకు. చెల్లి తెచ్చేసుకుంది.

పొద్దున్నే నిన్ను తలుచుకునే,
పెద్దక్క


ఫిబ్రవరి 15

పెద్దక్కా,

రోజంతా తెర చూసే చేతికి కాగితం దొరకడమే పండగ. అందుకే ఎప్పటిలాగే కలంతో.

నీ గుమాస్తా మాట ఆఫీసులో చదివి వినిపించాను. అందరూ నవ్వారు, మేనేజరు తప్ప. ఆయన ఆశలన్నీ ఈ మోడ్ మీదే. "తెర మీద మీ మాట తప్ప మరేమీ ఉండదు" అని ప్రకటన కూడా వేయించాడు. నెలాఖరు దాటి మరో నెలాఖరు వచ్చేలోగా శుభ్రం చేసి ఇవ్వకపోతే పని ఇంకొకరికి, నేను ఇంటికి. మొహం మీదే చెప్పాడు. ఇంటి వాయిదాలు నీ మరదలి జీతంతో తీరవని నీకు తెలుసు.

నువ్వు చెప్పినవి తేలిక. ఒక్కోదానికి ఒక్కో స్విచ్ ఉంది. ఫోకస్ మోడ్ నొక్కగానే అన్నిటినీ ఆపెయ్యాలి. ఆ సంగతి ఎవరో మరిచారు. ఆ ఎవరో నేనే అనుకో. అసలు చిక్కు వేరే ఉంది. ఎడమ అంచున ఏదో కదులుతోంది. బూడిదరంగుది. రాస్తున్నంతసేపూ ఉంటుంది, నేరుగా చూస్తే ఉండదు. ప్రోగ్రాం కోడంతా గాలించాను. అలాంటిదాన్ని నేను గీయలేదు. పక్క సీటువాణ్ణి పిలిచి చూపిస్తే, "ఏదీ? ఎక్కడ? ముందు ఇంటికెళ్ళి నిద్రపోవయ్యా మహానుభావా" అన్నాడు.

నీ తెర మీద అది కనిపిస్తోందా? నా మనసు నొచ్చుకుంటుందని కాకుండా, ఉన్నదున్నట్టు చెప్పు.

గొడుగు దొంగకు నా ఆశీస్సులు,
తమ్ముడు


ఫిబ్రవరి 20

తమ్ముడూ,

కనిపిస్తోంది. ఎడమ అంచునే, బూడిదరంగే. మొదటి రోజు నుంచీ చూస్తున్నాను. దగ్గరికి వెళ్తే వెలిసిపోతుంది, పక్కకు జరిగితే మళ్ళీ వచ్చి నిలబడుతుంది. నీ పక్క సీటువాడు చూసి కూడా చూడనట్టు అన్నాడేమో. మనుషులు అలాగే అంటారు.

అదేమీ పెద్ద విషయం కాదు. నేను దానితోనే పని చేసుకుంటున్నాను. నువ్వు తిండి మానుకుని దాని వెంట పడకు. ఉద్యోగం ఇచ్చిన దేవుడే దాన్ని నిలబెడతాడు.

వేళకు పడుకో.

పెద్దక్క


ఫిబ్రవరి 27

అక్కా, బతికించావు.

నీ ఉత్తరం చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాను. నాకొక్కడికే అయితే పిచ్చి అనుకునేవాణ్ణి. వెలిసిపోయి మళ్ళీ వచ్చి నిలబడుతుందన్నావే, సరిగ్గా అదే. నీకు అది మనిషిలా అనిపించిందా? నాకు కూర్చున్న మనిషి ఎత్తులో, తల వంచుకుని ఉన్నట్టు అనిపిస్తుంది. నువ్వేమీ రాయలేదంటే నన్ను భయపెట్టడం ఇష్టం లేకే అయి ఉంటుంది. మొన్న గడ్డం గీసుకుంటుంటే అద్దంలోనూ ఉంది, అదే ఎడమ అంచున. తెర చూసి చూసి కంట్లో అచ్చు పడిందని సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు మంచి మాట. అది పోయింది! పదాల లెక్క తీశాను, చుక్కలు తీశాను. లైన్ నంబర్ల పట్టీ కూడా తీద్దామని కూర్చుంటే, అది తెర మీద అప్పటికే లేదు. ఎవరు తీశారో తెలియదు. నా చెయ్యి పడకుండానే పోయింది. దానితోపాటే ఆ కూర్చున్నదీ లేచిపోయింది. ఇప్పుడు ఆ వైపు సున్నం వేసిన గోడలా ఉంది. రాత మాత్రం కాస్త ఎడమకు ఒరిగినట్టు అనిపిస్తే, కుడికి జరిపి మధ్యలో పెట్టాను.

కొత్త వెర్షన్ నీకూ పంపాను. చూసి, లోపం ఉందో లేదో రాయి. నువ్వు లేదంటేనే మేనేజరు చేతిలో పెడతాను.

నీ మరదలు ఈ మధ్య ముభావంగా ఉంటోంది. కొలనులో ఏదో జరిగినట్టుంది. అడిగితే చెప్పదు.

గుండె బరువు దిగిన,
తమ్ముడు


మార్చి 6

తమ్ముడూ,

కొత్తది చూశాను. లెక్క, చుక్కలు పోయాయి. పట్టీ పోలేదు. ఎప్పటిలాగే ఉంది. రాత మాత్రం మధ్యలో లేదు, కుడివైపుకు బాగా జరిగి కూర్చుంది. పక్కన ఎవరికో చోటు వదిలినట్టుంది.

చదువుకున్నవాడివి, నువ్వు శుభ్రంగా ఉందంటే ఉండే ఉంటుంది. తేడా నా చూపులోనే అనుకున్నాను. వయసు కదా. చెల్లి కూడా, "శుక్లాలేమో అక్కా, ఇంకా ముదరనిస్తావా" అని వెంటపడింది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి చూపించుకున్నాను, ఏ లోపమూ లేదని చెప్పాడు. "మీ వయసులో ఇంత చూపు అదృష్టమమ్మా" అన్నాడు. సంతోషించాలో వద్దో తెలియలేదు.

వీధి చివర పడుకునే ముసలి కుక్క పోయింది. చెల్లి అన్నం ముట్టలేదు. పొద్దున్నే రొట్టె ముక్క వేసేది కదా.

ఒక మాట అడుగుతాను. ఉత్తరంలో కాగితం ఎడమ పక్క అంత ఎందుకు వదిలేస్తున్నావు? పోయినసారి నాలుగు వేళ్ళ వెడల్పున ఖాళీ ఉంది. దుబారా చేసేవాడివి కాదు.

మీ ఇద్దరి పేరా దీపం పెట్టాను.

పెద్దక్క


మార్చి 13

అక్కా,

ఏ లోపమూ లేదని చెప్పావు, చాలు. ఆ మాట చదివి వెంటనే మేనేజరు చేతిలో పెట్టేశాను.

కాని పోయింది ఎవరక్కా? చెల్లి అన్నం ముట్టలేదని రాశావు, ఎవరు పోయారో రాయలేదు. మనవాళ్ళెవరైనానా? ఎందుకు వదిలేస్తున్నావు అని కూడా అడిగావు. నేనేం వదిలేశాను? ఉద్యోగం వదలడం లేదు, నిలబడింది.

ఈ మధ్య ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. తెర మీదే కాదు, అంతటా. ఆఫీసుకు నడిచేటప్పుడు వీధికి ఒకవైపే ఇళ్ళు. రెండో వైపు ఎవరో తీసేసినట్టున్నారు. తిరిగి వచ్చేటప్పుడు పొద్దున చూసిన ఇళ్ళు ఉండవు, వేరే ఇళ్ళుంటాయి. మొన్న మా వీధి కాదనుకుని మలుపు దాటి చాలా దూరం పోయాను. భయం మాత్రం వేయలేదు. అంత నిశ్శబ్దం.

నీ మరదలు గారడీ నేర్చుకుంది. ఇంట్లోకి ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. నిన్న భోజనం ముగించి లేవబోతే, "ఇదేమిటి మరి?" అని కంచం తిప్పింది. తిప్పేసరికి అందులో సగానికి అన్నం! అంతా తిన్నాను, నా కళ్ళతో చూశాను. ఎప్పుడు వడ్డించిందో! చేతివాటం భలేగా ఉందని మెచ్చుకుంటే ఏడుస్తూ లోపలికి పోయింది. నా మాట నమ్ము, నేను ఏమీ అనలేదు.

ఇక్కడంతా బాగుంది. రావద్దు, శ్రమ పడకు.

తమ్ముడు


మార్చి 16

తమ్ముడూ,

ఈ ఉత్తరం కాగితానికి కుడివైపు మాత్రమే అచ్చు తీశాను. కారణం చెబుతాను. నెమ్మదిగా చదువు.

నీ జవాబు నాకు అర్థం కాలేదు. నేను రాసిన ఉత్తరానికి రెండో ప్రతి నా దగ్గర ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. ఎడమ సగం మీద కవరు అడ్డం పెట్టి చదివాను. "వీధి చివర పడుకునే ముసలి కుక్క" కవరు కిందికి పోయింది. "పోయింది. చెల్లి అన్నం ముట్టలేదు" మిగిలింది. డాక్టరు పోయాడు, "ఏ లోపమూ లేదని చెప్పాడు" మిగిలింది. నువ్వు జవాబిచ్చినవన్నీ కుడివైపు మాటలే. నీ ఉత్తరం కూడా కాగితం నడిమి నుంచే మొదలైంది. మొదట నాలుగు వేళ్ళు, ఇప్పుడు సగం.

నేను చూశానన్నది ఆ లైన్ నంబర్ల పట్టీని. వేరే దేన్నీ కాదు. నువ్వు అడిగింది దాని గురించే అనుకున్నాను. నువ్వు చెప్పిన కూర్చున్న మనిషిని నేను ఏనాడూ చూడలేదు. పట్టీ ఇప్పటికీ ఉంది. పోయింది అది కాదు.

మరదలికి ఫోన్ చేశాను. "వదినా, ఆయన నా మీద అలిగారనుకున్నాను. ఇటు నుంచి పిలిస్తే అటు తిరిగి గోడకు జవాబు చెబుతారు. సరే, పంతానికి పంతం, ఎవరు ముందు మెత్తబడతారో చూద్దామని నేనూ మాట మానేశాను" అని ఒకటే ఏడుపు. ఆమె మీద నీ కోపం, నీ మీద ఆమె కోపం, రెండూ అనవసరం. రేపు పొద్దున్నే ఆమెతో పెద్దాసుపత్రికి వెళ్ళు. అడ్డు చెప్పకు. అక్కగా ఇంతవరకు నిన్నేదీ శాసించలేదు.

చెల్లీ నేనూ బయలుదేరుతున్నాం. మాకన్నా ముందు ఇది నీకు అందాలని ఫొటో తీసి మరదలి ఫోనుకే పంపిస్తున్నాను.

పెద్దక్క


మార్చి 18, ఆసుపత్రి

పెద్దక్కా,

అందరూ ఒక్కటయ్యారు. నువ్వు కూడా.

డాక్టరు స్కాన్ ఫిల్ము చూపించాడు. తలలో కుడి పక్క గడ్డ ఉందట. అందుకని ఎడమ పక్క నాకు లేకుండా పోయిందట. లేకుండా పోతే నాకు తెలియదా? నాకు లేనిదేమీ లేదు. గది మొత్తం చూస్తున్నాను. మంచం, తలుపు, నీ మరదలి సంచి. ఆమె సంచి పక్కన లేదు, ఎప్పుడూ ఉండదు.

తొందరగా ఆపరేషన్ చేయాలట. ఆలస్యమైతే చూపుతో ఆగదట, మనిషే దక్కకపోవచ్చట. చేస్తే ఆ పక్క తిరిగి రావచ్చట. వస్తే ఏం వస్తుందో ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఎంత కష్టపడి శుభ్రం చేశానో నీకు తెలుసు. అది మళ్ళీ వచ్చి తల వంచుకుని కూర్చుంటే నేను తట్టుకోలేను. సంతకం పెట్టను.

కనిపిస్తోంది, మొదటి రోజు నుంచీ చూస్తున్నాను అని రాశావు. నీ ఉత్తరం ఇంకా జేబులోనే ఉంది. ఇప్పుడు పట్టీ అంటున్నావు. ఇద్దరం చూసిన దానికి నా ఒక్కడి తలే కోస్తారా? నువ్వు అబద్ధం ఆడవు. నా ఎదుట నిలబడి, చూడలేదని చెప్పు. అప్పుడు ఆలోచిస్తాను.

తమ్ముడు


మార్చి 19, సాయంత్రం

తమ్ముడూ,

ఇది నువ్వే రాయమన్నావు. "పొద్దున లేచాక ఒప్పుకున్నానంటే నేనే నమ్మనక్కా, నీ చేత్తో రాసి పెట్టు" అన్నావు. అందుకని కాగితానికి కుడి అంచున రాసి, నీ కుడి చేతి కింద పెడుతున్నాను.

నిన్నటి నీ ఉత్తరం మరదలు ఫోనులో పంపితే దారిలోనే చదివాను. మధ్యాహ్నం చెల్లీ నేనూ వచ్చాం. మంచానికి ఒక పక్క మరదలు ఉంది, చెల్లి అటు వెళ్ళింది. ఖాళీగా ఉన్న పక్కన నేను కూర్చున్నాను. అది ఎడమ అని ఆ క్షణంలో తోచలేదు. "ఎలా ఉన్నావురా?" అన్నాను. నువ్వు చెల్లి వైపు తిరిగి, "బాగానే ఉన్నాను చిన్నక్కా, నీ గొంతు అచ్చం పెద్దక్కలా అవుతోందే" అని నవ్వావు. చెల్లి నా వంక చూసింది. నేను నీ ఎడమ చెయ్యి పట్టుకున్నాను. నువ్వు ఆ చేతిని పట్టించుకోలేదు. "పెద్దక్క ఎక్కడిదాకా వచ్చిందో, దారిలో ఏమైనా తిన్నదో లేదో" అని అడుగుతూనే ఉన్నావు. నర్సు వచ్చి పోయింది. ఎండ కిటికీ దాటిపోయింది. నేను ప్రార్థన చేసుకుంటూ అక్కడే ఉన్నాను.

చివరికి లేచి, మంచం కాళ్ళ వైపు నుంచి తిరిగి, నీ కుడి పక్కకు వచ్చాను. నువ్వు అదిరిపడ్డావు.

"ఎక్కడి నుంచి వచ్చావక్కా? తలుపు తెరుచుకోలేదు."

"మధ్యాహ్నం నుంచీ ఇక్కడే ఉన్నాను. నీ చెయ్యి పట్టుకునే ఉన్నాను."

నువ్వు మరదలి మొహం చూశావు. ఆమె తల ఊపింది. అప్పుడు నీకు చెప్పాను. నువ్వు చూసినదాన్ని నేను చూడలేదని, ఎదుట నిలబడే చెప్పాను.  తర్వాత నెమ్మదిగా అన్నావు:

"నువ్వు అంతసేపు ఉన్నా నాకు తెలియలేదు. అంటే అది కూడా పోలేదేమో. అక్కడే కూర్చుని ఉందేమో. నాకు తెలియడం లేదంతే."

 లేదని చెల్లి అనబోతే నేను ఆపాను. నీ ఎడమ పక్క ఏముందో మాకు మాత్రం ఏం తెలుసు?

"అయితే చూపు రానివ్వండి" అన్నావు. "కనిపించకుండా పక్కన ఉండే దానికన్నా, కనిపించేదే నయం." కాగితం తెమ్మన్నావు. గీతకు కుడి చివర, గళ్ళు దాటి, అంచు దగ్గర సంతకం పెట్టావు. డాక్టరు అది చెల్లుతుందన్నాడు.

మీ ఆఫీసు నుంచి పక్క సీటువాడు వచ్చాడు. పట్టీ తీసేశాడట, రాతను మధ్యకు తెచ్చాడట. నీ కుర్చీలో ఎవర్నీ కూర్చోబెట్టనని మేనేజరు చెప్పమన్నాడట. "నిద్రపోమని ఎగతాళి చేశానండీ" అని వరండాలో నిలబడి కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

నువ్వు కునుకు తీశాక మేము నలుగురం... కాదు, ముగ్గురమే, వరండాలో కూర్చుని మాట్లాడుకున్నాం. నిర్ణయించినవి ఇవి. రేపు ఉదయం మొదటి ఆపరేషన్ నీదే. అంతవరకు నిన్ను ఒంటరిగా వదలకూడదు. మరదలు కుడి పక్కన, నీకు కనిపించేలా ఉంటుంది. పంతాల సంగతి ఇంటికి వెళ్ళాక తేల్చుకుంటుందట. ఎడమ పక్కన నేను. అక్క ఏదని నువ్వు ఎన్నిసార్లు అడిగినా, ఎవరూ విసుక్కోకుండా ఇక్కడే ఉందని చెప్పాలి.

కునుకు పట్టే ముందు ఆ పక్క రెండు కుర్చీలు వేయమన్నావు. రెండోది ఎవరికని చెల్లి అడిగితే నువ్వు కళ్ళు మూసుకున్నావు. అక్కర్లేదని చెల్లి అంది. వేద్దామని మరదలు అంది. నన్ను అడిగారు. రెండు కుర్చీలూ వేయాలనే నిర్ణయించాం.

పెద్దక్క